నాలుగు కిలోల టైగర్

పశువుల డాక్టరు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా తమక ఊళ్లో ఉన్న మా ఇంటికి వస్తే, కాఫీ గ్లాసు చేతికి అందగానే అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా భయపెట్టిన జంతువు ఏది?" నేను ఎద్దు అంటాననో, పిచ్చికుక్క అంటాననో ఎదురుచూస్తారు. ఎద్దు నా ఎడమ మోకాలిని పాడుచేసిన మాట నిజమే. మెట్లెక్కే ప్రతిసారీ దాన్ని తలుచుకుంటాను. కానీ నన్ను నిలువునా వణికించి, ఆ తర్వాత చేతులెత్తి దండం పెట్టించింది ఒక పామరేనియన్ కుక్క. మా ఆసుపత్రి త్రాసు మీద సరిగ్గా నాలుగు కిలోలు తూగింది. దాని పేరు టైగర్. పైగా అది ఆడకుక్క.

ఎప్పుడు ఏ హోదాకు ఎక్కానో ఇక్కడ రాయబోవడం లేదు. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ఈ కుక్క విషయం మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి నేనే రాయాలి.

ఆవుల డాక్టరునని అనుకున్నాను

మాది నంగలి. మొదటి పోస్టింగు బూదికోటలో. చీర కుచ్చిళ్లు దోపుకుని దొడ్లోకి దిగిన మొదటి రోజు ఒక రైతు నా ముందే పక్కవాడితో అన్నాడు: "ఆడకూతురు, ఎద్దును యాడ పట్టుకుంటుందప్పా?" ఎద్దును నేను పట్టుకోలేదు, మోకాలి దగ్గర అదే నన్ను పట్టుకుంది. అయినా ఆ ఏడాది అడ్డం తిరిగిన దూడలను ఎన్నింటినో భుజం దాకా చెయ్యి పెట్టి బయటికి లాగాను. అదే రైతు తర్వాత నా కోసం బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడేవాడు. దాంతో నాకు కాస్త పొగరు పట్టిందనే చెప్పాలి. పశువైద్యమంటే ఆవు, ఎద్దు, గేదె. మిగిలిందంతా కాలక్షేపమని నా లెక్క.

అప్పుడు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు బదిలీ అయ్యింది. గనులు అప్పటికే ప్రభుత్వం చేతికి వచ్చి చాలా కాలమైంది. దొరలు వెళ్లిపోయినా బంగళాల్లో కుక్కలను పెంచే అలవాటు మాత్రం పోలేదు. బంగళాల్లో పుట్టిన పామరేనియన్ పిల్లలు ఒక్కొక్కటే కార్మికుల లైన్లలోకి దిగాయి. లైన్లంటే ఒకే వరసలో గోడకు గోడ ఆనుకుని కట్టిన చిన్న చిన్న ఇళ్లు. ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్ల అవతల తుమ్ముతారు. అలాంటి ఇంట్లో కూడా ఒక మూల తెల్లగా, బొచ్చుగా, నల్లటి ముక్కుతో ఒక పామరేనియన్ కనిపించేది.

మొదటి రోజు ఆసుపత్రి వరండాలో చూస్తే బెంచీ నిండా ఆడవాళ్లు. ఒక్కొక్కరి ఒళ్లో తువ్వాల్లో చుట్టిన దూదిబంతి ఒకటి. ఇంత చదివింది వీటికి బొట్టు పెట్టడానికా అనుకుని నవ్వాను. ఆ నవ్వుతోనే మొదటిదానికి థర్మామీటరు పెట్టబోయాను. అది నా బొటనవేలిలోకి పళ్లు దించింది. నేను అరిచిన అరుపుకు బెంచీ మీది కుక్కలన్నీ మొరగడం మొదలుపెట్టాయి. కుక్కను తెచ్చిన ముసలామె కొంగుతో నా చెయ్యి తుడుస్తూ అంది: "అది నిన్ను చూసి భయపడలేదమ్మా. నువ్వు దాన్ని చూసి నవ్వినావు. దానికి కోపమొచ్చింది."

ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు. వేలికి మాత్రం కట్టు కట్టుకున్నాను.

దానికి తెలియని సంగతి

కొన్నాళ్లకు ఆసుపత్రి ఆవరణలో ఒకటి జరిగింది. గిట్ట పగిలిన ఒక పెద్ద హళ్లికార్ జాతి ఎద్దును నలుగురు మనుషులు తాళ్లతో పట్టుకుని తీసుకొచ్చారు. అది బుస కొడుతుంటే వరండాలో ఉన్న మనుషులంతా గోడకు అతుక్కుపోయారు. అంతలో ఒకామె ఒళ్లోంచి పామరేనియన్ దూకి నేరుగా వెళ్లి ఎద్దు ముందు నిలబడింది. దాని తల ఎద్దు మోకాలికి కూడా అందలేదు. తోక వీపు మీదికి చుట్టుకుని, నాలుగు కాళ్లూ గట్టిగా తన్నిపెట్టి, మొరుగు అందుకుంది. ఒక్కో మొరుగుకు ఆ చిన్న ఒళ్లు నేల మీది నుంచి ఎగిరి పడుతోంది.

ఎద్దు తల వంచి దాన్ని చూసింది. కొమ్ముతో ఒక్కసారి విసిరితే కుక్క కప్పు మీద పడుతుంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఎద్దు ఒక అడుగు వెనక్కు వేసింది.

మా పెద్ద డాక్టరుగారు, అంటే ఆసుపత్రికి పైఅధికారి, కిటికీలోంచి చూస్తున్నారు. అన్ని రకాల జంతువులకూ వైద్యం చేసి, మాటలు పొదుపు చేసుకున్న మనిషి. బయటికి వచ్చి కుక్కను ఎత్తుకుని నాకు అందిస్తూ అన్నారు: "చూసినావా? అది చిన్నదని మనకందరికీ తెలుసు. దానికి మాత్రం ఎవరూ చెప్పలేదమ్మా. నువ్వూ చెప్పబాకు."

నా చేతుల్లో దాని గుండె కొట్టుకోవడం మొదటిసారి మనసు పెట్టి విన్నాను. ఆవు గుండె నిదానంగా నడుస్తుంది. ఇది పరుగెత్తుతోంది. భయంతో కాదు. దాని మామూలు వేగమే అది. వేలెడంత గుండె, ఆగే ఆలోచనే లేదు. అప్పటి నుంచి ఆ జాతిని చూసే నా కన్ను మారింది.

కొత్తగా చేరే మీకోసం నేను చూసినవి నాలుగు మాటలు రాస్తాను. పామరేనియన్ ఖాళీగా ఉండలేదు. దానికి ఒక పని కావాలి. మీరు ఇవ్వకపోతే అదే ఒకటి వెతుక్కుంటుంది. గేటు కాపలా, కాకుల లెక్క, పాలవాడి రాకపోకలు, ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదు, ఇవన్నీ దాని శాఖలే. ఇంట్లో అందరినీ చూసుకుంటుంది, కానీ ఒక్కరిని మాత్రం తనవాళ్లుగా పెట్టుకుంటుంది. ఆ ఒక్కరు ఎవరో మనం నిర్ణయించలేం. టీలో బన్ను ముంచి పెట్టకండని, ఎండాకాలంలో బొచ్చు నున్నగా గొరిగించకండని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. బొమ్మలాగా ఉందని తెచ్చుకుని, బొమ్మలాగా ఉండడం లేదని గొలుసు వేసే మనుషులంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. దాచుకోవడం ఎందుకు?

పెద్ద డాక్టరుగారి గంట

పెద్ద డాక్టరుగారికి ఒక పద్ధతి ఉండేది. కుక్కకు జ్వరమో విరేచనాలో అయితే బల్ల మీదే చూసి మందు ఇచ్చేవారు. నడవడిక బాగాలేదని, ఊరికే మొరుగుతోందని, కరుస్తోందని తెస్తే మాత్రం మందు రాసేవారు కాదు. ఆ ఇంటికి వెళ్లి ఒక గంట కూర్చునేవారు. ఏమీ అడగరు. ఇచ్చిన టీ తాగి, కుక్కను చూస్తూ కూర్చుంటారు. గంట తర్వాత లేచి ఒక్క మాట చెప్పి వచ్చేస్తారు. "గడియారం అక్కడినుంచి తీసెయ్యండి" అనో, "అత్తాకోడళ్లు ముందు మీరు మాట్లాడుకోండి" అనో.

"గంట కూర్చోకుండా రాసిన మందు మనకోసం రాసుకున్నదమ్మా, దానికోసం కాదు," అని నాతో ఒకసారి అన్నారు. నేను తల ఊపాను. తల ఊపడానికి గంట పట్టదు కదా.

అర మాత్ర

రత్నమ్మ అనే ఆమె టైగర్‌ను తీసుకుని వచ్చిన రోజున పెద్ద డాక్టరుగారు సెలవులో ఉన్నారు. బయట ఆరు ఆవులు నిలబడి ఉన్నాయి. రత్నమ్మ ఒక బడిలో ఆయా. పొద్దున పోతే సాయంత్రమే ఇంటికి రావడం. ఆమె భర్త వెంకటస్వామి గనిలో డ్రిల్లు పట్టి రిటైరైన మనిషి. రాతి దుమ్ము ఛాతీలో చేరి, పగలంతా ఇంట్లోనే మంచం మీద ఉంటాడు. ఒక ఆఫీసరు ఊరు వదిలిపోతూ ఆయన చేతిలో పెట్టిపోయిన కుక్క ఇది.

"దీనికి ఏందో అయ్యిండాది డాక్టరమ్మా," అంది రత్నమ్మ. "పగలు ఎప్పుడంటే అప్పుడు గోడకు మొగం పెట్టి అరస్తా ఉండాది. పక్కింటి అంతోనిది రాత్రి షిఫ్టు. ఆయప్పకు పగలే కదా నిద్ర? నిన్న వచ్చి, ఈ కుక్కన్నా ఉండాల, నేనన్నా ఉండాల అని చెప్పిపోయినాడు. ఆఫీసులో రాసిస్తాడంట. మేము ఉండేది కంపెనీ ఇల్లు. రిటైరైనోళ్లం. పొమ్మంటే ఈయన్ని ఎత్తుకోని యాడికి పోవాల?"

అప్పుడు టైగర్ నా బల్ల మీద నిలబడి ఉంది. ఒక్క క్షణం కుదురుగా లేదు. కిటికీ చూస్తుంది, ఆవులను చూస్తుంది, రత్నమ్మను చూస్తుంది, మళ్లీ తలుపు చూస్తుంది. ఇంటికి వెళ్లాలన్న తొందర అది. నాకు మాత్రం నరాల జబ్బులాగా కనిపించింది.

లైన్లలో పగటి నిద్ర అంటే ఏమిటో మీకు తెలియాలి. షిఫ్టు సంగు, అంటే గని సైరను, మోగితేనే ఆ ఊరు లేచేది, తినేది, పడుకునేది. రాత్రంతా భూమి లోపల పనిచేసి వచ్చినవాడు పగలు పడుకుంటే, వీధిలో పిల్లలు కూడా గోలీలు మట్టిలో ఆడేవాళ్లు, రాతి మీద ఆడేవాళ్లు కాదు. నిద్ర చాలకుండా లోపలికి దిగినవాడికి చెయ్యి తప్పవచ్చు, ప్రాణం పోవచ్చు. అందుకని ఆ నిద్రను చెడగొట్టడం అక్కడ పెద్ద తప్పు. అంతోని కోపంలో న్యాయముంది. రత్నమ్మ భయంలో న్యాయముంది. నాకు దొరికిన దారి ఒక్కటే, మత్తు మాత్ర.

"పొద్దున అర మాత్ర వెయ్యండి," అన్నాను. ఎప్పుడు మొరుగుతుందని అడగలేదు. ఏ గోడవైపని అడగలేదు. అప్పుడు ఇంట్లో ఎవరుంటారని అడగలేదు. అడగాల్సినవి ఆ మూడే. నేను చీటీ రాసిచ్చి ఆవుల దగ్గరికి వెళ్లిపోయాను.

వారం తర్వాత రత్నమ్మ ఆసుపత్రి గేటు దగ్గర కనిపించి, "గమ్మున పడుకుంటా ఉండాదమ్మా, మీకు పుణ్యముంటాది," అని చెయ్యి పట్టుకుంది. ఆ రోజంతా నేను హుషారుగానే ఉన్నాను.

గోడ

ఇంకో మూడు రోజులకు మధ్యాహ్నం భోజనం డబ్బా తెరుస్తున్నాను. ఒక మనిషి పరుగెత్తుకుంటూ వరండాలోకి వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు. బనీను మీదే ఉన్నాడు. గుండెకు అదుముకున్న చొక్కాలో తెల్లటి బొచ్చు కనిపిస్తోంది.

"నేను అంతోనిని డాక్టరమ్మా. టైగర్ పక్కింటోణ్ని," అన్నాడు. "దీన్ని చూడండి ముందు. వెంకటస్వామి మామను కంపెనీ ఆసుపత్రికి పంపించినాను, రత్నమ్మక్క కూడా ఆయప్పతో పోయింది. మామకు ప్రాణముండాది. దీనికే ఎవురూ లేరు."

టైగర్ కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. కాళ్లు వేలాడుతున్నాయి. ముందరి పాదాల గోళ్లు విరిగి నెత్తురు. ముక్కు మీద సున్నం, గడ్డం కింద సున్నం. నేను గుండె మీద స్టెతస్కోపు పెట్టాను. అదే వేగం. పరుగెత్తుతూనే ఉంది.

నేను గోళ్లు కడుగుతుంటే అంతోని చెప్పాడు.

"పది దినాలుగా అరుపు లేదు కదమ్మా. మొదట రెండు దినాలు బాగా నిద్రపోయినాను. ఇంగ అప్పటినించి పట్టలేదు. భూమి లోపల పనిచేసేటోళ్లకు అది అలవాటు. చప్పుడు ఉంటే పట్టించుకోము, చప్పుడు మారితే మాత్రం ఒళ్లు నిలబడిపోతాది. ఈ దినం పండుకోని ఉంటే తలకాయ పక్కన గోడలో గర్ గర్ అని ఏందో. ఎలుకేమో అనుకున్న్యాను. ఆగుతాది, మళ్లా గర్ గర్ అంటాది. కోపంగా లేచి పోయినాను. తలుపు తోస్తే..."

మొహం తుడుచుకున్నాడు.

"మామ మంచం మింద నుంచి జారి కింద పడిండాడమ్మా. పెదాలు నీలం. ఇది గోడ దగ్గర ఉండాది. నిలబడతాది, కాలు మడతబడి పడిపోతాది. మళ్లా లేస్తాది, గోళ్లతో గోడను గీకతాది, పడతాది. అరవాలని నోరు తెరస్తా ఉండాది, అరుపు రాలేదు. నేను లోపలికి పోయి మామను లేపి కూర్చోబెట్టినాను. అప్పుడు పండుకునిందమ్మా ఇది. అప్పటిదాకా పండుకోలేదు."

ఆ అరుపు ఎందుకు రాలేదో ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే.

"మొదట్లో ఒకసారి ఇట్లనే అరిచింది," అన్నాడు అంతోని నిదానంగా, అప్పుడే గుర్తొచ్చినట్టు. "తిట్టుకుంటా పోయినాను. మామ దగ్గుతా ఉన్న్యాడు. నీళ్లిచ్చి వచ్చినాను. అప్పటినించే కదమ్మా ఇది నా తల పక్కనుండే గోడకే అరిచేది? నన్నే పిలస్తా ఉన్నింది. నేను దాన్ని పంపించేస్తానని చెప్పినాను."

నేను అతనికి చెప్పాల్సింది చెప్పాను. మాత్ర ఇచ్చింది నేను. ఇంటికి వచ్చి చూడకుండా ఇచ్చాను. మీరు లేచి వెళ్లకపోతే ఆయన నా చేతిలో పోయినట్టే. ఇవే మాటలు. అంతోని టైగర్ ముక్కు మీది సున్నం తుడిచి, "అయితే ఇంగ ఇయ్యబాకండి," అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ గంట

వెంకటస్వామి ఇంటికి తిరిగొచ్చాక నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. గంట కాదు, రెండు గంటలు కూర్చున్నాను. పెద్ద డాక్టరుగారు సెలవు నుంచి వచ్చి అంతా విని, కోప్పడలేదు. "పోయి కూర్చోనిరా" అని మాత్రం అన్నారు.

రత్నమ్మ బడికి వెళ్లింది. వెంకటస్వామి దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. టైగర్ ఒంట్లో నుంచి మత్తు పూర్తిగా దిగిపోయింది. ఇల్లంతా దానిదే. వాకిట్లోకి వెళ్లి పిచ్చుకను తరిమింది, వచ్చింది. నా చెప్పులను వాసన చూసింది, వచ్చింది. పాత్రలో నీళ్లు నాలుగు గుక్కలు తాగింది, వచ్చింది. ఎక్కడికి వెళ్లినా మళ్లీ మంచం దగ్గరికే రావడం, ముసలాయన మొహం కేసి ఒక్కసారి చూడడం, వెళ్లడం. ఆ తిరుగుడునంతా నేను బల్ల మీద చూసి నరాల జబ్బు అనుకున్నాను. ఒక నర్సు వార్డులో ఎలా తిరుగుతుందో అలా తిరుగుతోంది అది.

మధ్యాహ్నం ఆయనకు కునుకు పట్టింది. తల దిండు మీంచి కిందికి జారింది. టైగర్ అప్పుడు వాకిట్లో ఉంది. నేను మంచం పక్కనే, రెండు మూరల దూరంలో ఉన్నాను. నాకేమీ వినిపించలేదు. చదువుకున్న చెవులు నావి, ఏళ్ల తరబడి ఊపిరితిత్తులు విన్న చెవులు. దాని చెవులు నిటారుగా లేచాయి. వాకిట్లోంచి ఒక్క దూకున లోపలికి వచ్చి, ముందు మంచం మీదికి ఎగిరి ఆయన గడ్డం కింద ముక్కుతో పొడిచింది. ఆయన కదల్లేదు. దిగి గోడ దగ్గరికి వెళ్లి మొరగడం మొదలుపెట్టింది. అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆయనకు ఊపిరి అందడం లేదని.

నేను ఆయన్ని లేపి కూర్చోబెట్టేలోపే పక్కింటి తలుపు చప్పుడైంది. అంతోని నిద్రకళ్లతో గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, ముసలాయన్ని చూసి, "బాగుండాడు కదా?" అని అడిగి, టైగర్ తల ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

నాకు తెలియకుండానే టైగర్‌కు చేతులెత్తి దండం పెట్టాను. ఎవరూ నేర్పలేదు. ఎవరూ అడగలేదు. నాలుగు కిలోల ఒళ్లు పెట్టుకుని ఒక మనిషి ఊపిరిని తన డ్యూటీగా రాయించుకుంది. నేను మాత్రతో కాళ్లను పడగొట్టాను, గొంతును మూశాను. డ్యూటీని మాత్రం ఆపలేకపోయాను.

ఊపిరి కుదుటపడ్డాక వెంకటస్వామి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఇది నన్ను లేపేదానికే అరిచేదని నాకు తెలుసమ్మా," అన్నాడు. "రత్నకు చెప్పలేదు. చెప్తే పని మానుకోని నా మొగం చూస్తా కూర్చుంటాది. అంతోని వచ్చేటప్పటికి సర్దుకోని కూర్చోనుంటాను. సుమ్నే, ఊరికినే అరస్తాదప్పా అని చెప్తాను."

"మరి మాత్ర వేస్తుంటే ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన టైగర్ వీపు మీద చెయ్యి పెట్టాడు. డ్రిల్లు పట్టి పట్టి వంకర పోయిన వేళ్లు బొచ్చులోకి మునిగిపోయాయి.

"వద్దంటే యాడికో పంపించేస్తారు కదమ్మా దీన్ని? అరవకపోయినా పోనీలే, పక్కలో ఉంటే చాలనుకున్న్యాను."

ఆ సాయంత్రం రత్నమ్మకు అంతా నేనే చెప్పాను. ఆమె ముందు భర్తను తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత టైగర్‌ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. మిగిలిన మాత్రలు తెచ్చి నా చేతిలో పోసింది. ఫిర్యాదు సంగతి ఏమైందని నేను అడగనక్కర లేకపోయింది. పక్కింట్లో మంచం ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఏం చేస్తున్నావని రత్నమ్మ గోడ మీద కొట్టి అడిగింది.

"మంచం జరుపుతా ఉండానక్కా," అని గోడ అవతల నుంచి అంతోని గొంతు. "తలకాయ గోడకు ఇంగా దగ్గరగా పెట్టుకుంటా ఉండాను. సరిగ్గా వినబడాల కదా."

మందు లేని జబ్బు

వెంకటస్వామి ఆ తర్వాత రెండు వానాకాలాలు చూశాడు. ఆఖరిసారి ఊపిరి ఆగింది ఒక ఆదివారం మధ్యాహ్నం. రత్నమ్మ ఇంట్లోనే ఉంది. టైగర్ అరిచింది, అంతోని వచ్చాడు, అందరూ ఉన్నారు, చేయాల్సింది చేశారు. ఆయన వెళ్లిపోయాడు. ఒంటరిగా మాత్రం వెళ్లలేదు.

నెల తర్వాత అంతోని మళ్లీ మా వరండాలోకి వచ్చాడు. చంకలో టైగర్. కుక్కను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది కిటికీ చూడలేదు, తలుపు చూడలేదు, పెట్టినచోట పెట్టినట్టు ఉంది. తోక వీపు మీద లేదు, వెనక వేలాడుతోంది.

"దీనికి అరిచేదానికి ఏదన్నా మందు ఉండాదా డాక్టరమ్మా?" అన్నాడు. "నెల దినాలైంది. ఒక్క అరుపు లేదు. పగలు నాకు నిద్ర పట్టడం లేదు."

ఆ గదిలోనే, ఆ బల్ల మీదే, అరుపు మాన్పడానికి నేను అర మాత్ర రాసిచ్చాను. అది అతనికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. అలాంటి మందు లేదని చెప్పాను.

"దానికి డ్యూటీ లేదు అంతోనీ. అంతే. ఏదైనా ఒక పని ఇవ్వు."

"ఏం పనియ్యాలమ్మా దీనికి?"

"నిన్ను చూసుకొమ్మను. షిఫ్టు నుంచి ఎప్పుడొస్తావో, ఎలా వస్తావో. రత్నమ్మను అడిగి పొద్దున గని గేటు దాకా తెప్పించుకో. నీతో నడిపించుకుంటూ వెళ్లు."

అతను నమ్మినట్టు లేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా నమ్మలేదు. మందు లేదని చెప్పి వట్టి చేతులతో పంపలేక చెప్పిన మాట అది.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున నేను బస్సులో ఆసుపత్రికి వెళ్తున్నాను. సంగు మోగి కాసేపైంది. రాత్రి షిఫ్టు వాళ్లు గుంపులుగా ఇళ్లకు పోతున్నారు. బంగారం తీసేశాక పారబోసిన తెల్లటి సైనేడు మట్టి దిబ్బల పక్కన రోడ్డు వంపు తిరిగేచోట మా బస్సు ఆగిపోయింది. ముందు ఇసుక లారీ ఒకటి ఆగి ఉంది. దాని డ్రైవరు తల బయటికి పెట్టి అరుస్తున్నాడు.

"ఏమప్పా, నీ కుక్కను పక్కకు తీయి!"

"నువ్వే అడుగప్పా దాన్ని. నా మాట యాడ వింటాది?"

నేను బస్సు దిగి ముందుకు నడిచాను. రోడ్డు మధ్యలో, లారీ బంపరుకు మూరెడు దూరంలో, టైగర్ నిలబడి ఉంది. తోక వీపు మీదికి చుట్టుకుని, నాలుగు కాళ్లూ గట్టిగా తన్నిపెట్టి, ఆ లారీని పై నుంచి కింది దాకా చూస్తూ మొరుగుతోంది. ఒక్కో మొరుగుకు ఒళ్లు నేల మీద నుంచి ఎగిరి పడుతోంది. దాని వెనకాల మొహమంతా గని మట్టితో అంతోని, చేతిలో తాడు వదులుగా పట్టుకుని, నవ్వుతున్నాడు. ఆ మట్టి మీద కన్నీళ్లు రెండు చారలు కట్టాయి.

డ్రైవరు విసుక్కుని గేరు మార్చాడు. లారీ ఒక అడుగు వెనక్కు వెళ్లింది.

అంతోని అప్పుడు నన్ను చూశాడు. రోడ్డు మీద ఉన్న జనమంతా తిరిగి చూసేలాగా చెయ్యి పైకెత్తి కేక పెట్టాడు.

"డాక్టరమ్మా! అరస్తా ఉండాది!"